రావిచెట్టు కింద ఆరు పరీక్షలు

(ఖమ్మంలో ఫోటోగ్రఫీ నేర్చుకుంటున్నవాళ్ల ఆదివారం సమావేశంలో ఒక బ్యాంకు ఉద్యోగిని చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం అండీ. ఆ మైకు కొంచెం కిందికి దించుతారా... ఆ, చాలు.

"మేడమ్, వసంతకాలం ఫోటోల మీద ఏమైనా మాట్లాడండి" అని పిలిచారు నన్ను. సరేనన్నాను గానీ, ఇంటికెళ్లాక నవ్వొచ్చింది. టెన్త్, ఇంటర్ చదివే పిల్లలున్న కొంపలో వసంతం ఎక్కడిదండీ? కోయిల కూస్తే కిటికీ వేసేస్తాం, పిల్లాడు చదువుకుంటున్నాడని. (నవ్వులు) నవ్వకండి, మా ఇంట్లో జరిగిందే. మా ఆయన మేడెక్కి, పక్కింటి వేపచెట్టు మీది కోయిలని చప్పట్లు కొట్టి మరీ తోలి వచ్చారు. అది అవతలి వీధికెళ్లి కూసింది. అక్కడా ఎవరో ఒకరి పిల్లలు చదువుతూనే ఉండుంటారు.

నాకు నలభై ఏడేళ్లు. కెమెరా పట్టి నాలుగేళ్లవుతోంది. సెకండ్ హ్యాండ్ నికాన్, దాంతో వచ్చిన 18-55 లెన్సు, ఆ తర్వాత చీటీ పాడుకుని కొనుక్కున్న 50 ఎంఎం లెన్సు. ఇదీ నా ఆస్తి. "ఈ వయసులో మొదలుపెట్టారా?" అని అడిగేవాళ్లకి నేనో పెద్దావిడ సంగతి చెబుతుంటాను. జూలియా మార్గరెట్ కామెరాన్. మన కలకత్తాలోనే పుట్టింది, 1815లో. 1863 చివర్లో ఇంగ్లండులో ఉండగా, కూతురూ అల్లుడూ కలిసి ఆవిడకో కెమెరా కానుకిచ్చారు, ఒంటరిగా ఉన్నప్పుడు పొద్దుపోతుందని. అప్పటికి ఆవిడకి 48 ఏళ్లు. బొగ్గుల కొట్టుని డార్క్‌రూమ్ చేసుకుంది. పిల్లలకిచ్చిన అద్దాల కోళ్ల గదిని ఖాళీ చేయించి స్టూడియో చేసుకుంది. కోళ్లనేం చేసిందో మరి! మర్నెల్లోనే ఒక చిన్నపిల్ల ఫోటో తీసి, దానికి "నా మొదటి విజయం" అని పేరు పెట్టుకుంది.

ఆవిడ కాలంలో ఒక్క ఫోటోకి మనుషులు నిమిషాల తరబడి కదలకుండా కూర్చునేవాళ్లట. చుట్టాలు, పనివాళ్లు, పక్కింటి పిల్లలు, ఎవరు దొరికితే వాళ్లు. మా పిల్లలు నాకు సెకనులో నూట పాతికో వంతు కూడా ఇవ్వరు. "అమ్మా, ప్లీజ్" అంటారు, అరచెయ్యి అడ్డం పెడతారు. నా దగ్గర వీళ్ల అరచేతుల ఫోటోలు ఎన్నున్నాయంటే, హస్తసాముద్రికం చెప్పేవాడికిస్తే పుస్తకం రాస్తాడు.

చిన్నప్పుడు ఇలా కాదు కదా. "అమ్మా నన్ను తియ్యి, నన్ను తియ్యి" అని ఫోనుకి అడ్డంపడేవాళ్లు. పదమూడో ఏడు వచ్చిందో లేదో, తలుపు మూసుకుంది. నాకు ఫోటోలు తీయడం వచ్చేసరికి నా పిల్లలు ఫోటోల్లోంచి వెళ్లిపోయారు.

సరే, నేను చేసిన తప్పు ముందు చెప్పేస్తాను. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ పరీక్షలప్పటి మాట. రాత్రి రెండింటికి మంచినీళ్లకని లేచాను. గదిలో టేబుల్ లైటు వెలుగుతోంది. పిల్ల జువాలజీ పుస్తకం మీద చెంప ఆనించి నిద్రపోయింది. చెంప మీద పెన్ను గీత, నీలం రంగుది, చెవి దాకా. జడ ఊడిపోయి పేజీ మీద పడింది. లైటు వెలుగు పుస్తకం మీద పడి, అక్కణ్ణించి మొహం మీదికి మెత్తగా తేలుతోంది. తెల్ల కాయితమే రిఫ్లెక్టర్ అయింది. నా చేతులు వాటంతటవే కెమెరా తెచ్చాయి. 50 ఎంఎం, ఎఫ్ 1.8, ఐఎస్‌ఓ 1600, షట్టరు 1/60. ఊపిరి బిగబట్టి ఒక్కటే తీశాను. చప్పుడుకి లేస్తుందని రెండోది తీయలేదు.

నేను తీసినవాటిలో మొదటి మంచి ఫోటో అదే. అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. పొద్దున్నే దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను, కింద "నా బంగారం" అని రాసి. మధ్యాహ్నానికి చుట్టాలు, కాలనీవాళ్లు, బ్యాంకువాళ్లు, అందరూ చూశారు. చూసినవాళ్లలో మా అమ్మాయి క్లాసుమేటు వాళ్లమ్మ కూడా ఉంది. ఆవిడ కూతురు స్క్రీన్‌షాట్ తీసింది. సాయంత్రానికి క్లాసు గ్రూపులో నా బంగారం స్టిక్కర్ అయిపోయింది. ఎవరికి నిద్రొస్తే వాళ్లు ఆ స్టిక్కర్ వేస్తున్నారు.

నాలుగు రోజులు మాట్లాడలేదండీ నాతో. పరీక్షకి తీసుకెళ్తుంటే బండి మీద వెనక కూర్చుని నా భుజం కూడా పట్టుకోలేదు. నాలుగో రోజు చెప్పింది. "నువ్వు తీసినందుకు కాదమ్మా. నేను నిద్రపోతున్నప్పుడు తీసి, నాకంటే ముందు అందరికీ చూపించావు."

నాకు నోట మాట రాలేదు. పిల్ల ముందే ఫోనులోంచి, కార్డులోంచి, లాప్‌టాప్‌లోంచి తీసేశాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించింది. బయాలజీ చదివే పిల్ల కదా, అవశేషాలు మిగలనివ్వదు.

హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ స్టూడియో గురించి వినే ఉంటారు, నిజాంగారి ఫోటోగ్రాఫరు. ఆయన 1892లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం విడిగా ఒక జనానా స్టూడియో పెట్టించాడు. ఫోటో తీసేది కూడా ఆడమనిషే. ఇదివరకు దీన్ని చదివి, "ఆ రోజుల్లో ఎంత ఛాదస్తం" అనుకున్నాను. స్టిక్కర్ గొడవయ్యాక వేరేగా అర్థమైంది. లోపలికొచ్చి ఫోటో తీయించుకున్న ఆడవాళ్లకి ఫోటో అంటే భయమేమీ లేదు. ఎవరు తీస్తారు, ఎవరు చూస్తారు, అదీ వాళ్ల లెక్క. మా పిల్ల లెక్కా అదే.

అప్పణ్ణించి మా ఇంట్లో ఒప్పందం ఏంటంటే, వాళ్ల ఫోటో ఏది తీసినా మొదట వాళ్లే చూడాలి, వద్దంటే నేను తీసెయ్యాలి. స్టేటస్ మాట ఎత్తకూడదు. మావాడు దీంట్లోనూ వ్యాపారం చూశాడు. ఉంచుకోవాలంటే ఫోటోకి ఇరవై రూపాయలట. (నవ్వులు) ఇస్తున్నానండీ. మోడల్స్‌కి ఇవ్వమా?

మొహాలు దొరక్కపోయేసరికి, మొహాలు కానివి కనిపించడం మొదలయ్యాయి. ఇదిగో, ఈ ఫోటో చూడండి. ఏమీ లేదు, చీకట్లో ఒక పసుపు గీత. మా అమ్మాయి గది తలుపు కింద వెలుగు. రాత్రి ఒంటిగంట. కెమెరాని డైనింగ్ కుర్చీ మీద పెట్టి, రెండు సెకన్ల టైమర్, ఎనిమిది సెకన్ల ఎక్స్‌పోజర్. గీత మధ్యలో రెండు నల్ల మచ్చలున్నాయి చూశారా? అవి పాదాలు. నిలబడి చదువుతోంది, కూర్చుంటే నిద్రొస్తుందని. దీన్ని చూపిస్తే, "ఇది ఉంచుకో, ఇందులో నేను లేను" అంది.

ఇక రావిచెట్టు సంగతి. పోయిన మార్చిలో అమ్మాయి ఇంటర్ సెకండియర్, అబ్బాయి టెన్త్. రెండు బోర్డు పరీక్షలూ ఒకే ఇంట్లో, ఒకే నెలలో. పగవాడికి కూడా వద్దు. అమ్మాయి సెంటరు ఊరి చివర ఒక కాలేజీ. దాని గేటు ఎదురుగా పెద్ద రావిచెట్టు, చుట్టూ సిమెంటు అరుగు. తొమ్మిదింటికి పరీక్ష, ఎనిమిదిన్నరకల్లా లోపలికి పంపించేదాన్ని. నేను బ్యాంకుకి పదింటికి వెళ్తే చాలు. మధ్యలో గంట. ఇంటికెళ్తే అత్తయ్యగారి టెన్షన్, బ్యాంకుకెళ్తే మేనేజరు టెన్షన్. అరుగు మీద కూర్చుండిపోయాను. బ్యాగులో కెమెరా ఉంది.

బైపీసీకి ఆరు పేపర్లు. సెకండ్ లాంగ్వేజీ, ఇంగ్లీషు, బోటనీ, జువాలజీ, ఫిజిక్సు, కెమిస్ట్రీ. ఆరు రోజులూ అదే అరుగు, అదే చోటు, అదే లెన్సు. మొదటి రోజు చెట్టు నిండా పండుటాకులు. గాలొస్తే చాలు, కూర్చున్న వాళ్ల తలల మీద, హెల్మెట్ల మీద రాలుతున్నాయి. ఇంగ్లీషు రోజుకి సగం కొమ్మలు బోడి. నీడ కోసం తల్లిదండ్రులు మొదలు దగ్గరికి జరిగారు. బోటనీ రోజుకి కొమ్మల చివర ఎర్రగా, సూదుల్లాగా మొగ్గలు. జువాలజీ నాటికి రాగిరంగు చిగుళ్లు. కెమిస్ట్రీ రోజున ఎండ ఆ చిగుళ్లలోంచి దిగి వస్తుంటే, కింద కూర్చున్న వాళ్ల తెల్ల చొక్కాల మీద గులాబీ మచ్చలు పడ్డాయి. నేను పుట్టిన దగ్గర్నుంచీ ఖమ్మంలో రావిచెట్లు చూస్తున్నాను. అది రెండు వారాల్లో ఒళ్లంతా మార్చుకుంటుందని మాత్రం నిరుడే చూశాను.

చిగుళ్లని ఎలా తీయాలో కొత్తవాళ్లకి ఒక మాట. ఎండ ఆకు వెనక ఉండాలి, మీరు ఇవతల ఉండాలి. వెనక ఆకాశం తెల్లగా ఉంటే కెమెరా కంగారుపడి ఆకుని నల్లగా చేసేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే ఫోటో ఎంత వెలుగ్గా రావాలో మనం సర్దుకునే సెట్టింగు, ఒక స్టాప్ పైకి పెట్టండి, అంటే వెలుగు రెట్టింపు. వెనక నీడ, ముదురు కొమ్మలు ఉంటే అదే కెమెరా ఆకుని పాలిపోయేలా చేస్తుంది, అప్పుడు కిందికి దించండి. ఇంతే. మిగతాదంతా కాళ్లతో పని. రెండడుగులు పక్కకి జరిగితే వెనక నీడ దొరుకుతుంది.

చెట్టుతో పాటు కింద ఉన్నవాళ్లనీ తీశాను, అడిగే తీశాను. బుద్ధొచ్చింది కదా! ఒకాయన వైరా వైపు పల్లెటూరి నుంచి కూతుర్ని తెచ్చేవాడు. తువ్వాల పరుచుకుని, చెప్పులు పక్కన జతగా పెట్టుకుని, మూడు గంటలూ గేటు వైపే చూస్తూ కూర్చునేవాడు. "తీసుకోండమ్మా, తీసి నాకూ పంపండి. ఇక్కడే ఉన్నానంటే మా ఆవిడ నమ్మట్లేదు" అన్నాడు. ఒకావిడ ఒళ్లో స్టీలు డబ్బా పెట్టుకుని, పెదాలు కదుపుతూ సహస్రనామం చదువుకునేది. డబ్బాలో కూతురికి పెరుగన్నం. చెయ్యి మూత మీదే ఉండేది, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు. నేను ఆ చెయ్యే తీశాను.

బోటనీ పరీక్ష రోజు అమ్మాయి బయటికొచ్చేసరికి నేనూ సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. పేపరెలా ఉందని అడగలేదు, అడగొద్దని ముందే చెప్పింది. బండి దగ్గర నా చేతిలో కెమెరా చూసి, "ఏం తీశావు?" అంది. ఏడాదిలో మొదటిసారి! స్క్రీన్ మీద మొగ్గని పెద్దది చేసి చూపించాను. "ఇది స్టిప్యూల్ అమ్మా" అంది. అంటే ఏంటన్నాను. "ఆకు పుట్టకముందు దాన్ని చుట్టుకుని కాపాడే పొర. ఆకు విచ్చుకుంటే ఇక దీంతో పనిలేదు, రాలిపోతుంది. అదుగో, నువ్వు తొక్కుతున్నావు." కిందికి చూశాను. పలచటి పొరలు, బఠాణీ పొట్టు లాంటివి, అరుగంతా. "ఎరుపెందుకు మరి?" అన్నాను. "ఆంథోసయనిన్, ఎర్ర రంగు పదార్థం. పత్రహరితం ఇంకా నిండలేదు, వారం ఆగితే పచ్చబడుతుంది" అంది. ఆ తర్వాత ఫోటోలన్నీ తనే వెనక్కి జరుపుకుంటూ చూసింది. నేను మాట్లాడితే ఎక్కడ ఆపేస్తుందోనని నోరు మూసుకున్నాను.

స్టిప్యూల్ గురించి కూడా నేనేమీ అనలేదు. అనాలనిపించింది గానీ.

ఇక మావాడు. టెన్త్ పరీక్షలకి ముందు ఆదివారాలు వాణ్ణి లేపడం నా వల్ల కాలేదు. మిర్చి యార్డుకి ఒకసారి వచ్చాడు, అదీ సెలవు లేని రోజు, దారిలో పూరీ తినిపిస్తానంటే. మనవాళ్లకి చెప్పేదేముంది, ఫిబ్రవరి మార్చిలో ఖమ్మం గాలే వేరు. తేజ మిర్చి ఘాటు మూడు వీధుల అవతల నుంచే పలకరిస్తుంది. జెండా పాట, అదే, ఆ రోజు మిర్చి ధర తేల్చే వేలం, జరుగుతుంటే తీద్దామని వెళ్లాం. నాకు తుమ్ములు. సరిగ్గా షట్టరు నొక్కేటప్పుడే తుమ్ము. పదకొండు ఫోటోలు వణికిపోయాయి. బాగున్న నాలుగింట్లో మిరపకాయల రాశి రాశిలాగా లేదు, కుంకుమ ముద్దలాగా ఉంది. ఎందుకో చాలాకాలం తెలియలేదు. హిస్టోగ్రామ్ అంటే ఫోటోలో చీకటీ వెలుగూ ఎంతెంత ఉన్నాయో కెమెరా చూపించే గ్రాఫు. మామూలు హిస్టోగ్రామ్‌లో అంతా బాగానే కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ తెరిస్తే, ఎరుపు ఒక్కటే కుడివైపు గోడకి కొట్టుకుపోయింది. అంత ఎర్రటి వస్తువైతే ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించుకోవాలి. అప్పుడు కాయ మీద ముడత, తొడిమె, మెరుపు అన్నీ బతుకుతాయి. ఇంకో మాట, యార్డులో లెన్సు మార్చకండి. ఆ దుమ్ము సెన్సరు మీద పడితే కెమెరా కూడా తుమ్ముతుంది.

మోదుగపూలకీ ఇదే మందు. ఇల్లందు రోడ్డులో ఆకు ఒక్కటి లేకుండా ఒట్టి పూలతో నిలబడతాయి చూడండి, చిలకముక్కు పూలు. ఎండెక్కాక తీస్తే నారింజ రంగు పెయింటు ఒలికినట్టుంటుంది. ఆరున్నరకి, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు తీస్తే రేకు మీద వెల్వెట్ లాంటి నూగు కూడా వస్తుంది. మా అత్తయ్యగారికి ఆ ఫోటో చూపిస్తే, "పూలేనా? విస్తళ్లకి ఆకు ఎప్పుడొస్తుందో కనుక్కురాలేదా?" అన్నారు. మోదుగంటే ఆవిడకి పువ్వు కాదు, విస్తరాకు.

2025 ఉగాది ఆదివారం వచ్చింది, మార్చి 30. మావాడికి అప్పటికి బయాలజీ అయిపోయింది, సోషల్ ఒక్కటి మిగిలింది. పొద్దున్నే అత్తయ్యగారు వేపపువ్వు తెమ్మన్నారు. నేను గిన్నెతో పాటు కెమెరా కూడా తీసుకుని మేడెక్కాను. వేపపువ్వు ఎంతుంటుందండీ? చిటికెనవేలి గోరులో సగం. నా 50 ఎంఎం మూర దూరం లోపలికి రానివ్వదు. అందుకని లెన్సుకీ కెమెరాకీ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబు పెట్టాను. లోపల అద్దాలేమీ ఉండవు, ఒట్టి గొట్టం, చవకే. దాంతో పువ్వు ఫ్రేము నిండా వచ్చింది. కానీ అంత దగ్గర్లో రేకు ఫోకస్‌లో ఉంటే కేసరం ఉండదు. చిన్న గాలికే రెమ్మ ఊగి ఫ్రేములోంచి పోతుంది. అన్నీ ఫోకస్‌లోకి రావాలని లెన్సు రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 11 పెడితే వెలుగు చాలదు. అరగంట తంటాలు పడ్డాను. కింద నుంచి అత్తయ్యగారు: "పువ్వు తెస్తున్నావా, పుట్టిస్తున్నావా?"

పైకొచ్చింది మావాడు. నన్ను పిలుచుకురమ్మని పంపారు. చేతిలో సోషల్ పుస్తకం, చంకలో పరీక్ష అట్ట. నా అవస్థ కాసేపు చూశాడు. బట్టల తీగ మీది క్లిప్పు తీసి, రెమ్మని పిట్టగోడ మీది కర్రకి బిగించాడు. తర్వాత అట్టకి తెల్ల కాయితం పెట్టి, ఎండ దాని మీద పడేట్టు పట్టుకుని, నీడలో ఉన్న పువ్వు మీదికి తిప్పాడు. ఎవరు నేర్పారురా అంటే, "ఫిజిక్సు. కాంతి పరావర్తనం. మూడు మార్కులు" అన్నాడు.

ఇదిగో ఆ ఫోటో. అయిదు రేకులు, మధ్యలో చిన్న గొట్టం, దాని అంచున పసుపు. కుడివైపు మూలన మసగ్గా ఉన్నది వాడి బొటనవేలు. గోరు కొరికేసి ఉంది, పక్కన సిరా మరక. "వేలు పడింది, క్రాప్ చేసెయ్" అన్నాడు. ఉంచుకోనా అని అడిగాను. "ఇరవై" అన్నాడు. పూలు మెల్లగా నలిపి, కాడలు ఏరి, వాడే గిన్నెలో వేసి కిందికి తీసుకెళ్లాడు. ఆ రోజు పచ్చడిలో పువ్వు ఎక్కువైందని అందరూ మూతి ముడిచారు.

ఇప్పుడు అమ్మాయి అగ్రికల్చర్ బీఎస్సీ, హాస్టల్లో ఉంటోంది. అబ్బాయి ఇంటర్ ఫస్టియర్, వాడికి మళ్లీ పరీక్షలు దగ్గరపడ్డాయి. పోయిన ఆదివారం అమ్మాయి ఫోన్ చేసింది. అవీ ఇవీ మాట్లాడి, "అమ్మా, నేను పుస్తకం మీద నిద్రపోయిన ఫోటో ఉంది కదా, అది పంపవా?" అంది. హాస్టల్లో రూమ్మేట్లంతా ఇంటి ఫోటోలు గోడకి అంటించుకుంటున్నారట.

అది తీసేశాం కదమ్మా అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. "నిజంగానే తీసేశావా? ఎక్కడా దాచలేదా?" అంది.

నిజంగానే తీసేశానండీ. స్టిక్కర్ కోసం వెతికాను, సిగ్గు లేకుండా. పాత ఫోన్లతో పాటు అదీ పోయింది. బదులుగా తలుపు కింద వెలుగు ఫోటో ప్రింటు వేయించి పంపాను, ఆరు బై ఎనిమిది, మ్యాట్ కాయితం మీద. అందినట్టు ఇంకా చెప్పలేదు.

టీ వచ్చినట్టుంది. మోదుగ చెట్ల దగ్గరికి వచ్చే వాళ్లు వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున అయిదున్నరకి బస్టాండు దగ్గరుండండి. టోపీ, నీళ్లు తెచ్చుకోండి. పిల్లల్ని తెస్తే మాత్రం అడిగి తీసుకురండి.